పదిహేడు మిల్లీమీటర్లు

పన్నెండో భాగం

ఆదివారం పొద్దున క్వారీ కొండ మూడో మలుపులో ఎర్ర స్పోర్ట్స్ కారు రెయిలింగ్ విరుచుకుని లోయలోకి పడింది. నడుపుతున్నది క్వారీ పెద్దాయన ఒక్కగానొక్క కొడుకు. పాతికేళ్లు కూడా నిండలేదు. బండికి కొత్త చక్రాలు వేయించి ఎనిమిది రోజులైంది. వేసింది చక్రాలమ్మ. బుధవారం పదింటికల్లా ఆ బండి శవాన్ని లారీ మీద తెచ్చి ఆమె షెడ్డులో దించారు. లారీ వెళ్లిపోయింది. పెద్దాయన లోపలికొచ్చాడు. ఆయన వెనకాలే వచ్చిన ఆయన మనిషి ఒంటిచెవి షట్టరు కిందికి లాగి, లోపలినుంచి తాళం వేశాడు.

తాళం తిప్పిన చప్పుడు ఆగకముందే మొదటి దెబ్బ పడింది.

పడింది చక్రాలమ్మ మీద కాదు, ఆమె తమ్ముడి మీద. ఒంటిచెవి చేతిలో రాళ్లు పగలగొట్టే సమ్మెట ఉంది. దాని కర్రతో డొక్కలో పొడిచాడు. తమ్ముడు రెండుగా మడతపడి, గ్రీజు మరకల గచ్చు మీద మోకాళ్లూని, గాలి కోసం చేపలా నోరు తెరిచాడు. ఒంటిచెవి అతని కాలరు పట్టి ఈడ్చుకెళ్లి, బండ్లు పైకెత్తే లిఫ్టు స్తంభానికి ఆనించి, సరుకు కట్టే బెల్టుతో చేతులు వెనక్కి విరిచి కట్టాడు.

"వాణ్ణెందుకు కొడతావు?" అని అరిచింది చక్రాలమ్మ. "ఆ బండికి పని చేసింది నేను. అడిగేదేదో నన్నడుగు!"

"అడుగుతాం, అడుగుతాం" అన్నాడు ఒంటిచెవి. "తొందరేముంది? నువ్వెక్కడికీ పోవుగా."

క్వారీలో మందు ముందే పేలి అతని కుడి చెవి ఎగిరిపోయి పన్నెండేళ్లయింది. మిగిలిన ఒక్క చెవికే అక్కర్లేనివన్నీ వినపడతాయని కూలీలు అతను లేనప్పుడు నవ్వుకుంటారు. ఉన్నప్పుడు ఎవరూ నవ్వరు.

పెద్దాయన పాత టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. నాలుగు రోజుల గడ్డం తెల్లగా మాసింది. నాలుగు రోజుల నిద్రలేమి కళ్ల కింద నల్లగా పేరుకుంది. చేతికర్రతో బండి వైపు చూపించాడు. పైకప్పు అణిగిపోయి, ముందు అద్దం లేని ఆ ఎర్ర ఇనుప ముద్ద ఒక పక్కకి ఒరిగి ఉంది. ఎడమవైపు ముందు చక్రం గాల్లో వేలాడుతోంది.

"ఆ గీతలు నీవేనా?"

చక్రం మధ్యలో అయిదు బోల్టులు. ప్రతి బోల్టు మీదినుంచి చక్రం మీదికి పసుపు రంగు గీత. వాల్వు పక్కనున్న బోల్టుకి మాత్రం రెండు గీతలు.

అది చక్రాలమ్మ ఇంటి పద్ధతి. బిగింపు కొలిచే రెంచితో నూట ఇరవై అంకె దగ్గర టిక్కుమనే దాకా బిగించాలి. వెంటనే గీత గియ్యాలి. బోల్టు వెంట్రుకవాసి వదులైనా గీత తెగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. రెండు గీతలున్నది మొదట బిగించిన బోల్టు. "ఎక్కడ మొదలెట్టావో మర్చిపోతే అయిదూ మర్చిపోయినట్టే" అనేవాడు వాళ్ల నాన్న. ఆయన పోయి ఆరేళ్లయినా ఆ రెండో గీత పోలేదు.

"నావేనయ్యా" అంది చక్రాలమ్మ.

"ఊళ్లో ఇంకెవరైనా ఇట్లా గీస్తారా?"

"గీయరు."

మాట నోరు దాటాక తెలిసింది, తన మెడకి తనే ఉచ్చు బిగించుకున్నానని. పద్దెనిమిదేళ్ల పనితనం తాలూకు గర్వం ఆలోచించుకునేలోపే జవాబు చెప్పేసింది.

"అయితే నా కొడుకుని చంపింది నీ చెయ్యే." పెద్దాయన గొంతు పెంచలేదు. "ఏ చేత్తో బిగిస్తావు?"

ఆమె రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"కుడి చేత్తో అయ్యా" అన్నాడు ఒంటిచెవి. "చూశాను."

"అయితే ఎడమతో మొదలెట్టు. కుడిది ఆఖర్ని."

గోడ పక్క బల్లకి బిగించిన వైసు ఉంది. ఒంటిచెవి ఆమె ఎడమ చేతిని మణికట్టు దగ్గర ఒడిసిపట్టి, చిటికెన వేలూ ఉంగరం వేలూ వైసు దవడల మధ్యకి తోసి, పిడి తిప్పాడు. ఒక చుట్టు. ఆమె పళ్లు బిగించింది. రెండో చుట్టు. గోరు కింద నల్లగా ఉబ్బి పగిలింది. మూడో చుట్టుకి లోపల ఎండు పుల్ల విరిగినట్టు చిన్న చప్పుడయింది. ఆ చప్పుడు ముందు తమ్ముడికే వినపడినట్టుంది, "అక్కా!" అని వాడే ముందు అరిచాడు. ఆమె కేక ఆ తరవాత వచ్చింది.

"వదలండి! మా అక్కని వదలండి! అయ్యా, మీ కాళ్లు పట్టుకుంటాను!"

"కట్టేసి ఉంటే కాళ్లెలా పట్టుకుంటావురా?" ఒంటిచెవి నవ్వి నాలుగో చుట్టుకి చెయ్యి వేశాడు.

చక్రాలమ్మ కళ్ల ముందు షెడ్డు గిర్రున తిరిగింది. స్పృహ తప్పితే మళ్లీ లేచేది ఉండదని ఆమెకి తెలుసు. ఊపిరి కూడదీసుకుని, ఒంటిచెవిని వదిలేసి పెద్దాయనతో మాట్లాడింది.

"చంపండయ్యా. కానీ ముందొకటి చూడండి. గీతలు తెగలేదు. అంటే బోల్టులు వదులవలేదు. చక్రం ఊడలేదు. మరి బండెందుకు పడింది? నన్ను చంపితే అది మీకిక ఎవరూ చెప్పరు."

పెద్దాయన కర్ర నేల మీద ఒకసారి తట్టాడు. ఒంటిచెవి చెయ్యి ఆగింది.

"చెప్పగలవా?"

"ఆ చక్రం విప్పనిస్తే చెప్పగలను."

"నాటకాలయ్యా" అన్నాడు ఒంటిచెవి. "టైము కోసం..."

"విప్పనీ."

వైసు తెరుచుకుంది. నలిగిన వేళ్లకి నూనెగుడ్డ చుట్టి, దాని కొసని పళ్లతో లాగి ముడేసుకుంది. ఒక్క చేత్తో రెంచి పట్టి, పిడి మీద కాలితో తొక్కి, ఒక్కొక్క బోల్టూ వదులు చేసింది. అయిదోది రాగానే చక్రం జారి ఆమె తొడ మీద పడింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. చక్రాన్ని వెనక్కి తిప్పి నేల మీద పెట్టి, బురద తుడిచింది.

పోతలోనే పోసిన అంకె. యాభై రెండు.

మోచేత్తో కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. యాభై రెండే.

ఆమె వేసింది ముప్పై అయిదు. మర్చిపోయే బేరం కాదు అది. పెద్దాయన కొడుకు ఎనిమిది రోజుల క్రితం ఇదే షెడ్డులో, ఇదే టైర్ల దొంతర మీద కూర్చుని కాళ్లూపుతూ, "చక్రాలక్కా, మా అక్క బండికున్న డిజైనే కావాలి. కానీ చక్రం మడ్‌గార్డ్ అంచుదాకా రావాలి. లోపల దాక్కుంటే ముసలాళ్ల బండిలా ఉంటుంది" అన్నాడు. అందుకే ఏరికోరి ముప్పై అయిదు తెప్పించింది. అదే కంపెనీ, అదే పది పుల్లల డిజైను, అదే బూడిద రంగు. వెనక అంకె చదివితే తప్ప రెంటికీ తేడా తెలియదు.

"అయ్యా, ఈ చక్రం నేను వేసింది కాదు."

ఒంటిచెవి సమ్మెట ఎత్తాడు. పెద్దాయన చెయ్యి ఎత్తాడు. సమ్మెట గాల్లోనే నిలిచింది.

"చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత ఉందనుకోండి" అంది చక్రాలమ్మ తొందర తొందరగా. "బండికి ఆనే ముఖం ఆ గీతకి ఎంత ఎడంగా ఉందో చెప్పే అంకె ఇది. ఆఫ్‌సెట్ అంటాం. అంకె తగ్గితే చక్రం బయటికొస్తుంది, పెరిగితే లోపలికి పోతుంది. నేను వేసింది ముప్పై అయిదు. ఇది యాభై రెండు. పదిహేడు మిల్లీమీటర్లు లోపలికి పోయింది."

"పదిహేడు మిల్లీమీటర్లంటే?"

ఆమె చూపుడువేలు పైకెత్తింది. "ఈ వేలు మందం. ఇటు చూడండి."

పెద్దాయన లేచి వచ్చి వంగాడు. చక్రం వెనక నిలువుగా ఉన్న సస్పెన్షన్ గొట్టం ఒకచోట నల్లరంగు పోయి అద్దంలా మెరుస్తోంది. టైరు ఒరుసుకున్న మెరుపు. దాని పక్కనే బ్రేకు నూనె వెళ్లే రబ్బరు గొట్టం వేలాడుతోంది. మధ్యలో తెగి ఉంది.

పెద్దాయన ఆ తెగిన కొసని వేళ్ల మధ్య నలిపాడు. బ్రేకుల సంగతి ఆయనకి తెలియదు. కానీ నలభై ఏళ్లు రాళ్లెత్తే మోకుల కింద నిలబడి బతికినవాడు. ఏ తాడు కత్తికి తెగిందో, ఏ తాడు అంచుకి ఒరిసి ఒరిసి తెగిందో చీకట్లో తడిమి చెప్పగలడు.

"కొయ్యలేదు" అన్నాడు. "అరిగి తెగింది."

"అవునయ్యా. కుడివైపు తిప్పినప్పుడల్లా టైరు దీన్ని కొరికింది. కొండ దిగేటప్పుడు ఎన్ని మలుపులు! మూడో మలుపుకి తెగింది. బాబు తొక్కితే పెడలు నేలకి తగిలుంటుంది."

పెద్దాయన ఆ తెగిన కొసని వదల్లేదు. ఆ క్షణాన ఆయన షెడ్డులో లేడు, ఆ మలుపులో, ఆ పెడలు మీద ఉన్నాడు.

"కథ బాగుంది" అన్నాడు ఒంటిచెవి. "తప్పు చక్రం ఈవిడే వేసి, ఇప్పుడు ఎవరో మార్చారంటోంది. ముప్పై అయిదే వేశావని సాక్ష్యం ఏది?"

"ఉంది. ఆ పై అరలో బిస్కెట్ డబ్బా దించండి."

డబ్బాలో రంగురంగుల మైనం ముద్దలు. పిల్లలు బొమ్మలు చేసుకునే మైనమే. కొత్త చక్రం వేశాక టైరుకీ ఆ నిలువు గొట్టానికీ మధ్య ముద్ద పెట్టి, స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పుతుంది చక్రాలమ్మ. నలగ్గా మిగిలిన మందమే ఉన్న ఖాళీ. వంద కిలోమీటర్లు తిరిగి బండి మళ్లీ బిగింపుకి వచ్చేదాకా ఆ ముద్దని తేదీ రాసి దాస్తుంది.

ఆకుపచ్చ ముద్ద తీసి స్కేలుతో పాటు పెద్దాయన చేతికిచ్చింది. "కొలవండి. ఇరవై ఒకటి ఉంటుంది. ఈ యాభై రెండు చక్రం వేసుంటే నాలుగే మిగలాలి. మలుపులో బరువుకి టైరు వంగితే ఆ నాలుగూ ఉండవు."

పెద్దాయన కొలిచాడు. ఇరవై ఒకటే. కానీ ఆయన చూపు స్కేలు మీద లేదు. ముద్ద మీద తేదీ పక్కన ఒక బొటనవేలి ముద్ర లోతుగా దిగి ఉంది.

"ఇదెవరిది?"

"బాబుదయ్యా. తేదీ రాస్తుంటే, సంతకం నేను చేస్తానని వేలు నొక్కాడు. చదువురానివాళ్లకి కూడా పనికొస్తుందని నవ్వాడు."

పెద్దాయన తన బొటనవేలు ఆ గుంటలో పెట్టాడు. కొంచెం పెద్దదైంది, పట్టలేదు. చాలాసేపు అలాగే ఉంచాడు. తరవాత ఆ ముద్దని జేబులో వేసుకుని, కర్ర తీసుకుని, తలెత్తాడు. కళ్లు తడిగా లేవు. చక్రాలమ్మకి అదే భయం వేసింది.

"చక్రం ఎవరో మార్చారు. నమ్మాను. మరి గీతలో?"

ఆమె చూపు విప్పిన బోల్టుల మీద పడింది.

చక్రం మారింది. గీతలు మారలేదు. ఎవరో యాభై రెండు చక్రం తెచ్చి, వేసి, అయిదు బోల్టులూ బిగించి, పసుపు గీతలు గీసి, వాల్వు పక్క బోల్టుకి రెండో గీత కూడా గీశారు. దొంగపని చేస్తూ కూడా చెయ్యి అలవాటు మానలేదు. అలా అలవాటైన చేతులు లోకంలో రెండు జతలు. ఒక జత ఆమెవి.

రెండో జత లిఫ్టు స్తంభానికి కట్టేసి ఉంది.

అడకత్తెరలో పోకచెక్క అయిపోయింది. తను గీశానంటే తన తల. గీయలేదంటే తమ్ముడి తల. నాన్న పోయేటప్పుడు వాడికి పదహారు. అప్పటినుంచీ చొక్కా గుండీ ఊడితే కుట్టిందీ, జ్వరమొస్తే కాపలా కాసిందీ ఆమే. తల తిప్పకూడదనుకుంది. తిప్పలేదు. టైర్లని చూసింది, గోడని చూసింది, తన చేతికి కారుతున్న నెత్తుటిని చూసింది.

పెద్దాయన ఆమెనే చూస్తున్నాడు. వెయ్యిమంది కూలీలతో పని చేయించినవాడు.

"చక్రాలమ్మా, అన్ని వైపులా చూస్తున్నావు. ఆ ఒక్క వైపు ఎందుకు చూడట్లేదు?"

ఆమె చూపు గచ్చుకి దించుకుంది.

పెద్దాయన నడుచుకుంటూ తమ్ముడి ముందుకెళ్లి, కర్ర కొసతో వాడి గడ్డం పైకెత్తాడు. "నిన్ను చంపాలా వద్దా అన్నది తరవాత. నీకూ నా కొడుక్కీ పగేం లేదు. నీ అంతట నువ్వు చెయ్యవు. ఎవరు చెయ్యమన్నారు?"

తమ్ముడు అక్క వైపు చూశాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి జారుతోంది. "అక్కా, నేను..." అంటూ పెద్దాయన వైపు తిరిగి నోరు తెరిచాడు.

ఒంటిచెవి కదిలాడు.

ఎవరూ చెప్పలేదు. కర్ర తట్టలేదు. అయినా రెండు చేతులా సమ్మెట వెనక్కి లాగి, తమ్ముడి తల మీదికి అడ్డంగా విసిరాడు.

చక్రాలమ్మ కాలి పక్కనే గాలి పీపా ఉంది. కొత్త టైరుని రిమ్ముకి ఎక్కించడానికి ఒక్క దెబ్బలో గాలి ఊదే పీపా, అరచేయంత మూతి. పొద్దున్నే నింపి పెట్టింది. మోకాలితో దాన్ని ఒరగదీసి, మూతి ఒంటిచెవి వైపు తిప్పి, మీట నొక్కింది.

తుపాకీ పేలినట్టయింది. గచ్చు మీది రబ్బరు పొట్టూ ఇసకా ఇనప రజనూ ఒక్కసారిగా లేచి ఒంటిచెవి కళ్లలోకి దూసుకెళ్లాయి. సమ్మెట గురి తప్పి, తమ్ముడి తలకి జానెడు పైన స్తంభానికి తగిలి, షెడ్డంతా గంటలా మోగింది. ఒంటిచెవి గుడ్డివాడిలా చేతులు ఆడిస్తూ వచ్చి ఆమె జుట్టు దొరకబుచ్చుకున్నాడు. ఆమె తలని టైర్లు విప్పే మెషీను అంచుకేసి కొట్టాడు. ఒకసారి. రెండోసారి. ఆమె చేతికి దొరికిన టైరు లివరుతో అతని మోకాలి చిప్ప మీద కొట్టింది. అతను కూలబడుతూ కూడా జుట్టు వదల్లేదు, ఆమెని కిందికి లాగి గొంతు మీద మోకాలు పెట్టాడు.

"ఆపు!"

పెద్దాయన కర్ర ఒంటిచెవి వీపు మీద విరిగింది.

"కొట్టమని నేను చెప్పానా?"

"కోపం ఆగలేదయ్యా" ఒంటిచెవి ఎర్రబడ్డ కళ్లు నులుముకుంటూ లేచాడు. "చిన్నయ్యని ఎత్తుకుని తిప్పిన చేతులివి..."

"నా కొడుకు మీద నాకు లేని ప్రేమ నీకు పుట్టుకొచ్చిందా? అవతల నిలబడు."

అతను కుంటుతూ షట్టరు దగ్గరికి పోయాడు. సమ్మెట మాత్రం వదల్లేదు.

చక్రాలమ్మ పాకుతూ తమ్ముడి దగ్గరికి చేరింది. కనుబొమ మీంచి నెత్తురు కంట్లోకి కారుతోంది. వాడి మొహంలో మొహం పెట్టి అడిగింది.

"నువ్వేనా?"

తల ఊపాడు.

"మైనం పెట్టి చూశావా?"

"...లేదక్కా. పది నిమిషాలే ఉంది టైము."

ఆమె చాచి లెంపకాయ కొట్టింది. కుడి చేత్తో, ఉన్న బలమంతా పెట్టి. ఆ వెంటనే వాడి తలని రొమ్ముకి అదుముకుంది.

"బండి కొంచెం ఒరుసుకుని వాసనొస్తే ఆపేస్తాడనుకున్నానక్కా" వాడు వెక్కుతూ చెప్పాడు. "నాలుగు రోజులు మూలపడుతుంది, అంతేననుకున్నాను. బ్రేకు గొట్టం అటే ఉందని తోచలేదు. 'మా తమ్ముడు కొండ మీద పందేలకి పోతున్నాడు, ఎప్పుడో చచ్చిపోతాడు, బండి కదలకుండా నా బండి చక్రం తీసి దానికి వెయ్యి' అని ఏడ్చింది. నీకు అక్క లేదా అంది. ఎలా కాదంటాను?"

"ఎవరు?" అన్నాడు పెద్దాయన. అడిగేసరికే ఆయన మొహం పాలిపోయింది.

"మీ అమ్మాయిగారు."

ఆయన కొట్టలేదు. తిట్టలేదు. విరిగిన కర్ర ముక్కని చేతిలో అటూ ఇటూ తిప్పాడు.

"నా కూతురు వాణ్ణి చంకనేసుకుని పెంచింది" అన్నాడు చివరికి. "నువ్వు అబద్ధమాడుతున్నావు."

"ఆవిడ బండి చక్రమే అయ్యా అది. శనివారం అర్ధరాత్రి మీ ఇంటి గ్యారేజీలో రెండు బండ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ఆవిడ బండి ఎడమ ముందు చక్రం విప్పి దీనికి వేశాను. దీనిది దానికి వేశాను. చూసుకోండి, ఇంకా దానికే ఉండాలి."

పెద్దాయన ఫోను తీశాడు. "తల్లీ, చక్రాల షెడ్డు దగ్గరున్నాను. వచ్చి తీసికెళ్లు. నీ బండిలోనే రా." పెట్టేసి చక్రాలమ్మ వైపు తిరిగాడు. "నువ్వే విప్పి, అంకె నువ్వే చదువు. ముప్పై అయిదైతే నీ తమ్ముడు ఆసుపత్రికి పోతాడు. యాభై రెండైతే ఇద్దరూ కొండకి పోతారు."

పావుగంట పట్టింది. ఆ పావుగంటలో షెడ్డులో కారుతున్న గాలి గొట్టం బుస తప్ప ఇంకో చప్పుడు లేదు. తమ్ముడు నిజమే చెప్పాడా? చక్రాలమ్మకే తెలియదు. వీడు చిన్నప్పుడు దెబ్బలు తప్పించుకోవడానికి ఎన్ని అబద్ధాలు చెప్పలేదు!

బయట హారను మోగింది. షట్టరు పైకి లేచింది. ఎండ ఒక్కసారిగా లోపలికి పడింది. తెల్లకారు నెమ్మదిగా లోపలికొస్తోంది. చక్రాలమ్మకి విప్పక్కర్లేకపోయింది, వంగక్కర్లేకపోయింది. కుడివైపు చక్రం మడ్‌గార్డ్ కింద ఒద్దికగా ఉంది. ఎడమది వేలు మందం బయటికి పొడుచుకొచ్చి ఉంది.

పెద్దాయన కూడా అటే చూస్తున్నాడు.

కారులోంచి ముప్పై ఏళ్ల అమ్మాయి దిగింది. నలిగిన చీర, రేగిన జుట్టు, ఏడ్చి ఏడ్చి వాచిన మొహం. గచ్చు మీద నెత్తుటిని చూసింది. కట్టేసి ఉన్న చక్రాలమ్మ తమ్ముణ్ణి చూసింది. "నాన్నా, ఏంటిదంతా?"

"ఏం లేదు తల్లీ. చక్రం చూపిద్దామని." ఆయన చక్రాలమ్మకి కళ్లతో సైగ చేశాడు.

ఆమె జాకీ పెట్టింది. ఒంటి చేత్తో పిడి తిప్పుతుంటే నుదుటి నెత్తురు బొట్లు బొట్లుగా తెల్లకారు మీద పడింది. వాల్వు పక్క బోల్టు మీద రెండు గీతలు. విప్పింది. చక్రాన్ని తిప్పింది. మట్టి కింద అంకె వేలికి తగులుతోంది. చదివితే తన తమ్ముడు బతుకుతాడు. చదివితే ఈ ముసలాయనకి ఇక కూతురు కూడా మిగలదు. ఆ రెండో సంగతి తన లెక్కలోకి రాదని మనసుకి చెప్పుకుంది. మనసు ఒప్పుకోలేదు. నోరు మాత్రం ఒప్పుకుంది.

"ముప్పై అయిదు" అని చదివింది.

ఆ మాటతో పాటే షట్టరు దడదడా కిందికి దిగింది. లాగింది ఒంటిచెవి. లాగమని ఎవరూ చెప్పలేదు.

పెద్దాయన వెనక్కి చూడలేదు. "ఎందుకు తల్లీ?" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు, బిచ్చం అడిగినట్టుంది. "వాడేం చేశాడు నీకు?"

అమ్మాయి కన్నీళ్లు తుడుచుకుంది. తండ్రికి అడుగు దూరంలోకి వచ్చి నిలబడింది. "వాడేం చెయ్యలేదు నాన్నా. ఆ చక్రం వాడి కోసం కాదు. శనివారం రాత్రి భోజనాల దగ్గర మీరేమన్నారు? పొద్దున్నే ఆ బండి నేనే తోలుకెళ్లి అమ్మేసి వస్తానని తాళాలు లాక్కున్నారు. మీ జేబులో వేసుకున్నారు. నేను చూశాను." ఆమె తండ్రి జేబు వైపు చూపించింది. "మళ్లీ వాడికెందుకిచ్చారు నాన్నా?"

పెద్దాయన నోరు తెరుచుకుంది. కొడుకు బతిమాలితే కరిగిపోయి, ఒక్కసారికే అంటూ ఇచ్చానని ఆయన చెప్పలేకపోయాడు. చెయ్యి వెనక్కి చాపాడు, సమ్మెట కోసం. నలభై ఏళ్లుగా ఆ చెయ్యి చాపితే అడిగింది అందనిది లేదు.

ఒంటిచెవి ఇవ్వలేదు. పెద్దాయన పక్కనుంచి కుంటుతూ నడిచి వెళ్లి అమ్మాయి పక్కన నిలబడ్డాడు.

"ముందు వాళ్లిద్దరినీ" అంది అమ్మాయి, చక్రాలమ్మ వైపు చూడకుండా.